అన్నాచెల్లెళ్ల గట్టు మీద మొగుడూ పెళ్లాం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ప్రయాణాల గురించే. ఎక్కడికి వెళ్లాలని అడిగినవాళ్లు తక్కువ. ఎవరితో వెళ్లాలి, ఎవరికి చెప్పి వెళ్లాలి, ఎవరింట్లో దిగాలి అన్న తలనొప్పులే ఎక్కువ. నేను 34 ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. ఈ లెక్కలకి మాత్రం సూత్రాలేమీ లేవు. మా ఇంట్లో జరిగినవే చెబుతాను, పనికొచ్చేవి తీసుకోండి.

కొత్త పాఠకుల కోసం ఒక్క ముక్క. నా పుట్టిల్లు కోనసీమలో అంబాజీపేట పక్కన పల్లె. మెట్టినిల్లు హన్మకొండ. మా పెదనాన్న వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేసేవారు. ఆ సంబంధం ఆయన తెచ్చిందే.

ప్రశ్న: పెళ్లయి రెండేళ్లయింది. ఇద్దరం ఉద్యోగస్థులమే. ఎప్పుడు నాలుగు రోజులు సెలవు దొరికినా ఖమ్మం నుంచి మా అత్తమామలు 'మేమూ వస్తాం' అంటారు. వాళ్లు మంచివాళ్లే. కానీ మేమిద్దరమే ఎటైనా వెళ్లాలని ఉందని ఎలా చెప్పాలి? తప్పుగా అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: అమ్మాయీ, ముందు నా హనీమూన్ సంగతి విను. 1984 ఫిబ్రవరిలో మా పెళ్లయింది. నెల తిరక్కుండా 'కొత్త కోడలికి రామప్ప చూపెట్టాలె' అన్నారు మా అత్తమ్మ. హనీమూన్ అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు. అత్తమ్మ, మామయ్య, ఇద్దరు ఆడబిడ్డలు, పక్కింటి పెద్దమ్మ, మేమిద్దరం. మొత్తం ఏడుగురం. సద్దిగిన్నె నా ఒళ్లో. ములుగు మీదుగా పోయే బస్సెక్కి జంగాలపల్లి దగ్గర దిగి పాలంపేట చేరాం. ఆ రోజు మొత్తం మీద మావారు నాతో మాట్లాడినవి రెండే మాటలు. 'ఈ గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిండు.' కాసేపాగి, 'గోపురం ఇటుకలు నీళ్లల్ల ఏస్తె తేలుతయి.' అంతే. సోషల్ క్లాసులో కూర్చున్నట్టుంది. మిగతా సమయమంతా ఆయన వాళ్లమ్మ చెప్పులు ఎక్కడ విడిచిందో చూసుకోవడానికే సరిపోయింది.

2021 జులైలో రామప్పకి యునెస్కో గుర్తింపు వచ్చిందని టీవీలో చెబుతుంటే ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, 'మన హనీమూన్ గుడి పేరు దునియా మొత్తం తెలిసింది' అన్నారు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది నాకు. అది హనీమూనేనని ఆయన ఒప్పుకోడానికి 37 ఏళ్లు పట్టింది!

మేమిద్దరమే కలిసి మొదటిసారి ఊరు దాటింది 1993లో. పెళ్లయిన తొమ్మిదేళ్లకి. అదీ మా తెలివి కాదు, మా అమ్మది. వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లాం. ఓ రాత్రి వంటింట్లో అమ్మ నాతో 'రేపు మీరిద్దరూ అంతర్వేది వెళ్లి రండి. మొక్కుంది. పిల్లలు నా దగ్గరుంటారు' అంది. ఏం మొక్కని అడిగితే 'ఉందిలేవే' అంది. నాన్నకీ, బాబాయిలకీ కూడా మొక్కనే చెప్పింది. ఏ మొక్కూ లేదని నాకు చాన్నాళ్ల తర్వాత తెలిసింది.

తెల్లారి మొదటి బస్సెక్కి రాజోలు, అక్కణ్నుంచి మలికిపురం, సఖినేటిపల్లి దాటి అంతర్వేది. పది గంటలకల్లా నరసింహస్వామి దర్శనం అయిపోయింది. తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. పిల్లలు లేకుండా, సంచీ లేకుండా, చేయాల్సిన పని లేకుండా ఎప్పుడున్నాం గనక? లైట్‌హౌస్ వైపు నడిచాం. అటునుంచి సముద్రం, ఇటునుంచి వశిష్ఠ గోదావరి వచ్చి కలిసే చోటు దాకా వెళ్లాం. మనిషి జాడ లేదు. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. హన్మకొండలో అయితే కలలో కూడా జరగని పని. ఇంతలో ముంజలమ్మే కుర్రాడొకడు వచ్చాడు. ఊరికే ఉండొచ్చు కదా, ఈయన 'ఈ జాగకు పేరేంది బాబూ?' అని అడిగారు. వాడు ఎంతో మర్యాదగా, 'అన్నాచెల్లెళ్ల గట్టంటారండి, ఆయ్' అన్నాడు.

టక్కున నా చెయ్యి వదిలేశారు.

నేను నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడ్డాను. ఇప్పటికీ మా మధ్య ఏదైనా పేచీ వస్తే 'గట్టు పేరేంటండీ?' అంటాను. పేచీ అక్కడితో సరి.

సఖినేటిపల్లి రేవుకి వచ్చాక ఆయనకి పంటు ఎక్కాలనిపించింది. తెలంగాణ వాళ్ల కోసం చెబుతున్నా, పంటు అంటే గోదావరి రేవుల్లో మనుషుల్నీ, బళ్లనీ, మేకల్నీ ఒకేసారి దాటించే పెద్ద బల్లకట్టు లాంటి పడవ. పని లేకపోయినా నరసాపురం దాటాం. అక్కడ లేసు అల్లికల టేబుల్ గుడ్డ ఒకటి కొన్నాను. తిరిగొద్దామనేసరికి ఈదురుగాలి లేచింది, రేవులో పంటు కట్టేశారు. ఎంతసేపు చూసినా గాలి తగ్గలేదు. ఆ రాత్రి లాడ్జిలో ఉండాల్సి వచ్చింది. సామాను లేకుండా వచ్చిన జంటని చూసి అక్కడి గుమస్తా పైనుంచి కిందకి చూశాడు. నేను మంగళసూత్రాలు బయటికి తీసి చూపించాను, ఈయన ఆఫీసు గుర్తింపు కార్డు చూపించారు. అతను కార్డునే నమ్మాడు.

మర్నాడు ఊరికి వచ్చేసరికి అరుగు నిండా జనం. నాన్న అంబాజీపేట సెంటరుకి సైకిలు మీద మనిషిని పంపారట. మా బాబాయి నన్నూ ఆయన్నీ చూసి, 'మొక్కు బాగా గట్టిదే అమ్మాయ్' అన్నాడు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. కాఫీ కలిపి తెచ్చింది.

ఇక నీ ప్రశ్నకి వస్తాను. నువ్వు మొక్కు అబద్ధం ఆడక్కర్లేదు, కాలం మారింది. కానీ అమ్మ చేసిన పనిలో ఒకటి మాత్రం పనికొస్తుంది. పెద్దవాళ్లలో ఒకరిని నీ వైపు తిప్పుకో. నాకు తోచినంతలో అది మీ అత్తగారే. ఆవిడకీ ఒకప్పుడు పెళ్లయి రెండేళ్లే అయింది. ఆవిడతో విడిగా, మగవాళ్లు లేనప్పుడు చెప్పు. చెప్పేటప్పుడు 'మీరు రావద్దు' అని మొదలుపెట్టకు. 'దసరాకి మనం నలుగురం ఫలానా చోటికి, డిసెంబరులో మేమిద్దరం ఫలానా చోటికి' అని రెండూ ఒకే ఊపిరిలో చెప్పు. మొదటిది ఖాయం అయ్యాక రెండోది వినడం తేలిక.

ఇంకో కిటుకు. మా విహారాలన్నీ చుట్టపుచూపుల్లోంచి కత్తిరించుకున్నవే. మీకూ అలాగే వీలుంది. అత్తమామలతో కలిసి భద్రాచలం వెళ్లండి. మొదటి రోజు రాములవారి దర్శనం, పర్ణశాల, అన్నీ నలుగురూ కలిసే. రెండో రోజు పెద్దవాళ్లు గదిలో నడుం వాల్చుకుంటారు. మీరిద్దరూ పోచవరం వెళ్లి పాపికొండల లాంచీ ఎక్కండి. పేరంటాలపల్లి దాకా వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. గోదావరికి వరదొస్తే లాంచీలు ఆపేస్తారు గనక చలికాలం పెట్టుకోండి. ఎండ కూడా బాధించదు.

ప్రశ్న: ప్రతి సంక్రాంతికీ మా ఆవిడతో వాళ్ల ఊరు, రాజోలు దగ్గరికి వెళ్తాను. అక్కడ అడుగుపెట్టగానే ఆవిడకి నేనున్న సంగతే గుర్తుండదు. అక్కచెల్లెళ్లతో కబుర్లు. నేను సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ మూడు రోజులు గడపాలి. వాళ్ల మర్యాదలకి ఊపిరాడదు. ఏదైనా ఉపాయం చెప్పండి.
— ఒక అల్లుడు, నిజామాబాద్

జవాబు: అల్లుడుగారూ, మీ బాధ మావారు చదివి 'పాపం' అన్నారు. ఆయనది మీ బాధే, నలభై ఏళ్ల పాతది.

1985 సంక్రాంతికి ఆయన కొత్త అల్లుడు. హన్మకొండలో సంక్రాంతంటే సకినాలు. బియ్యప్పిండిలో నువ్వులూ, వామూ వేసి ఇంటిల్లిపాదీ గుడ్డల మీద చుట్లు చుట్టి, నూనెలో వేయించి డబ్బాలకెత్తడం. మా ఊళ్లో దిగిన క్షణం నుంచి ఆయన ముందు అరిసెలు, సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు, జంతికలు, మళ్లీ అరిసెలు. 'వద్దండీ' అంటే మొహమాటమనుకుని ఇంకోటి వేసేవారు. రెండో రోజు రాత్రి నన్ను దొడ్లోకి పిలిచి, 'జర పచ్చిపులుసు చేస్తవా?' అని దీనంగా అడిగారు. నేను అడిగితే మా అమ్మ, 'అల్లుడికి పండగపూట పచ్చిపులుసా!' అని నోరు నొక్కుకుంది. చివరికి దొంగతనంగా చేసి పెట్టాను. ఉల్లిపాయలు తరిగిన వాసనకి ఇల్లంతా లేచింది.

ఆయన్ని గట్టెక్కించింది మా నాన్న. పొద్దున్నే 'అల్లుడుగారూ, అలా తోట దాకా' అని తీసుకుపోయేవారు. చెట్టెక్కి కాయలు దింపే దింపు కార్మికులు, గునపానికి కాయని గుచ్చి రెండు మెలికల్లో పీచు ఊడదీసే ఒలుపు కార్మికులు, అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరి రాశులు. ఈయన లెక్కల మనిషి. రోజుకి ఎన్ని కాయలు ఒలుస్తారు, వందకి ఎంత కూలి, కురిడీకి, అంటే ఎండిన కొబ్బరికాయకి, ఎంత ధర పలుకుతుంది అని అడిగి జేబులో పుస్తకంలో రాసుకున్నారు. తనూ ఒలుస్తానని గునపం ముందు నిలబడి ఒక కాయకి ఇరవై నిమిషాలు తీసుకున్నారు. అక్కడున్నవాళ్లు నవ్వారు, ఆయనా నవ్వారు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఆయన మొదటిసారి తనంతట తాను మంచినీళ్లు అడిగి తాగారు. అప్పటిదాకా అదీ అడగలేదు మరి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. మీ అత్తవారి ఊరికి అదేమంత దూరం కాదు. ఇన్నేళ్లలో మీరు వెళ్లకపోతే మాత్రం తప్పు మీదే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఆ కొబ్బరితోటకి వస్తారు. వెదుళ్లు, తాటి దబ్బలు కట్టి, రంగుగుడ్డలు చుట్టి, నెమలీకలు కుచ్చి, ఇంటి కంటే ఎత్తున నిలబెడతారు ప్రభని. దాన్ని మనుషులే భుజాల మీద మోస్తారు. దారిలో పొలం ఉంటే పొలంలోంచే. చేను తొక్కారని రైతు అనుకోడు, స్వామి నడిచాడనుకుంటాడు. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక నది నీళ్లలో దిగి అవతలి ఒడ్డుకి ఎక్కుతాయి. అది చూడాలి! ప్రభ ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా గట్టు మీద జనం 'శరభా' అని కేక పెడతారు, మళ్లీ నిలబడుతుంది.

ఆ ఏడు మా నాన్న చూస్తుండగానే ఈయన మా అన్నయ్యల వెనక నీళ్లలోకి దిగిపోయారు. భుజం పెట్టింది ఎంతసేపని అడిగితే నాలుగు అడుగులంటారు. రెండే అని మా అన్నయ్య. అత్తవారు పెట్టిన పట్టుపంచె మోకాళ్ల పైదాకా బురద. అమ్మ ఆ పంచె చూసి లబోదిబోమంది. ఆయన మాత్రం దాన్ని ఉతికించి దాచుకున్నారు, మరక పూర్తిగా పోనేలేదు. ఆ తర్వాత ఎన్ని సంక్రాంతులకి నాకు సెలవు దొరక్క ఆయన ఒక్కరే మా ఊరు వెళ్లారో చెబితే మీరు నమ్మరు.

కాబట్టి సోఫాలోంచి లేవండి. మర్యాదలు వద్దనకండి, పని అడగండి. మీ మామగారు సంతోషంగా ఇస్తారు. ఇక మీ ఆవిడ సంగతి. ఏడాదిలో ఆ మూడు రోజులే ఆవిణ్ని ఎవరూ టీ అడగరు. అది చెడగొట్టకండి. నాలుగో రోజున తిరుగు ప్రయాణంలో ఒక పూట దిండిలోనో, యానాంలోనో ఆగండి. గోదావరి ఒడ్డున ఇద్దరే కూర్చోండి. అప్పుడు అక్కచెల్లెళ్ల కబుర్లన్నీ మీకే చెబుతుంది, వద్దన్నా వినాలి.

ప్రశ్న: మేమిద్దరం, మా అన్నయ్య, వదిన నలుగురం అరవై దాటినవాళ్లం. కాశీకి టికెట్ తీసిన ప్రతిసారీ అప్పర్ బెర్తులే వస్తున్నాయి. సీనియర్ సిటిజన్ల కోటా అనేది నిజంగా ఉందా?
— విశ్రాంత ఉద్యోగి, కాకినాడ

జవాబు: ఉందండీ. నలుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తున్నారు, చిక్కంతా అక్కడే. ఆ లోయర్ బెర్త్ కోటా ఒక టికెట్ మీద ఒకరు లేదా ఇద్దరు ఉంటేనే వర్తిస్తుంది. ముగ్గురైనా, వయసు తక్కువవాళ్లు కలిసినా కంప్యూటర్ మిమ్మల్ని మామూలు ప్రయాణికుల కింద చూస్తుంది. మీ జంటకి ఒకటి, అన్నయ్యగారి జంటకి ఒకటి తీయండి. తీసేటప్పుడు కోటా దగ్గర సీనియర్ సిటిజన్ అని ఎంచుకోవడం మర్చిపోవద్దు. మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 నిండితే చాలు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతోంది, ఇదివరకటిలా 120 కాదు. మొదటి రోజు పొద్దున్నే కూర్చోండి. రెండు జంటలూ వేరే వేరే బోగీల్లో పడొచ్చు. అదీ మంచిదే అంటాను నేను. కాశీ దాకా అన్నదమ్ములు ఆస్తి గొడవలు మాట్లాడుకోకుండా ఉంటారు.

ప్రశ్న: అమ్మానాన్నల పెళ్లయి వచ్చే నెలకి 25 ఏళ్లు. చెప్పకుండా ఒక రిసార్టుకి తీసుకెళ్లి సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంటున్నాం. ఎలాంటి ఏర్పాట్లు చేయాలి?
— అన్నాచెల్లెళ్లు, విజయవాడ

జవాబు: సంతకం చూసి మావారు ఉలిక్కిపడ్డారు. గట్టు మహిమ.

బాబూ, సర్‌ప్రైజ్ మానేయండి. మా పిల్లలూ మాకు ఇలాగే చేశారు. ఊరి పేరు, రిసార్టు పేరు చెప్పను. కారెక్కించి ఎక్కడికో చెప్పలేదు. నేను బీపీ మాత్రలు తెచ్చుకోలేదు. ఆయన కళ్లజోడు రెండో జత ఇంట్లోనే ఉండిపోయింది. ఫొటోలో నీలంగా ఉన్న ఈతకొలను అక్కడ ఆకుపచ్చగా ఉంది. రాత్రి పన్నెండింటికి తలుపు దబదబా బాదారు. ఎవరికేమైందోనని గుండె జారి తలుపు తీస్తే కేకు. రాత్రి తొమ్మిదింటికే నిద్రపోయే అలవాటున్న వాళ్లం, మర్నాడంతా జోగుతూనే గడిపాం. పిల్లల ప్రేమకి వంక పెట్టడం లేదు. ఆ రాత్రి తలుచుకుంటే నవ్వొస్తుంది, అంతే.

మీ అమ్మని అడగండి, 'ఇరవై ఐదేళ్లలో వెళ్దామనుకుని వెళ్లలేకపోయిన ఊరేదీ?' అని. ప్రతి అమ్మ దగ్గరా ఒకటుంటుంది. టికెట్లు తీసి చేతిలో పెట్టండి. రైలెక్కించి మీరు దిగిపోండి.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. మొదటిసారి ఆరు నెలలకి వెళ్తున్నాం. 'వారం రోజులకే ఇల్లు జైలవుతుంది' అని వెళ్లొచ్చినవాళ్లు భయపెడుతున్నారు. మా వారికి ఒకచోట కాలు నిలవదు. అక్కడ మేమిద్దరం రోజులెలా గడపాలి?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: 2023 వేసవిలో మేమూ అక్కడే ఉన్నాం, మా అమ్మాయింట్లో. భయపెట్టినవాళ్లు చెప్పింది సగం నిజం. కొడుకూ కోడలూ ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్లాక ఆ వీధిలో మనిషి కనబడడు. కారు నడపడం రాకపోతే పాల ప్యాకెట్ కూడా శనివారమే.

మా అత్తమ్మ ఒక మాట అనేవారు. 'చుట్టం వచ్చిన్నాడే పోయే దినం చెప్పాలె బిడ్డా, అప్పుడు కూర ఎంత వండాల్నో తెలుస్తది.' ఆవిడ మా ఇంటికి వచ్చినా, ఆడబిడ్డల ఇళ్లకి వెళ్లినా గుమ్మంలోనే 'శుక్రవారం పోత' అని చెప్పేవారు. ఎవరు బతిమాలినా గురువారం రాత్రి సంచీ సర్దుకునేవారు. అందుకే ఆవిడ రాక కోసం అందరం ఎదురుచూసేవాళ్లం. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు, అసలు తేదీ ఐ-94లో, అంటే అక్కడ దిగినప్పుడు నమోదయ్యే ప్రవేశ రికార్డులో, చూసుకోవాలి. ఉండనిచ్చారు కదా అని ఉండక్కర్లేదు. మేం మూడున్నర నెలలకే తిరుగు టికెట్ తీసి, ఆ తేదీ మా అమ్మాయి ఫ్రిజ్ మీద అంటించాం. మొదట చిన్నబుచ్చుకుంది. తర్వాత ఆ తేదీని చూసుకుంటూ ప్రతి శనివారానికీ తనే ఏదో ఒకటి పెట్టింది.

శనివారాలు బాగానే గడిచాయి. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరుడి గుడి, మనవాళ్ల దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు, ఏడెనిమిది గంటలు కారులో కూర్చుని నయాగరా. నయాగరా గొప్పదే, కాదనను. కానీ అల్లుడు కారు నడపడం, మేం వెనక సీట్లో మనవడికి చెరోపక్కా కూర్చోవడం. రామప్ప ప్రయాణం మళ్లీ చేసినట్టుంది. సద్దిగిన్నె కూడా నా ఒళ్లోనే.

జూన్‌లో ఒక బుధవారం పొద్దున మావారు 'మనిద్దరమే న్యూయార్క్ పోదాం' అన్నారు. అమ్మాయికి ముచ్చెమటలు పట్టాయి. చివరికి ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చింది: మెట్రోపార్క్ స్టేషన్‌లో ఎక్కాలి, న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగాలి, అక్కడ సబ్‌వేలో 1 నంబరు రైలు, ఆఖరి స్టేషన్ సౌత్ ఫెర్రీ. వయసు 62 నిండినవాళ్లకి మెట్రోపార్క్‌లో ఎక్కే రైల్లో టికెట్ తగ్గిస్తారు. ఆయనకి తగ్గింది, నాకు ఏడాది తక్కువై పూర్తి డబ్బులు పడ్డాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో నాకంటే పెద్దవాడినని ఆయన అంత సంతోషించడం ఎప్పుడూ చూడలేదు. 1993లో నాన్న సెంటరుకి సైకిలు మీద మనిషిని పంపినట్టే, మా అమ్మాయి ఆఫీసులో ఫోన్ తెరిచి మా చుక్క ఎటు కదులుతోందో చూస్తూ కూర్చుందట.

సౌత్ ఫెర్రీలో దిగి పైకొస్తే స్టేటెన్ ఐలండ్‌కి పోయే నారింజ రంగు పడవ. ఈయన టికెట్ కిటికీ కోసం అటూ ఇటూ వెతికారు. లేదు. యూనిఫాం వేసుకున్నాయన్ని అడిగితే ఉచితం, ఎక్కండి అన్నాడు. నమ్మకం కుదరలేదు. 'వాపస్ వచ్చేటప్పుడు పైసలు గుంజుతరేమో' అని నాతో గుసగుసలాడారు. తలుపులు తెరిచి జనాన్ని ఒక్కసారిగా లోపలికి వదలగానే ఆయన ఆగిపోయి, 'ఏయ్, ఇది పంటు!' అన్నారు.

పంటే. కాకపోతే మేకలు లేవు. కుడిపక్క కూర్చోండి, వెళ్లేటప్పుడు స్వేచ్ఛా ప్రతిమ అటువైపే కనబడుతుంది. ప్రయాణం 25 నిమిషాలు. నేను డబ్బా తీసి పులిహోర పెట్టాను. పక్కనున్న ఒక నల్లజాతి పెద్దావిడ వాసనకి తిరిగి చూసి నవ్వింది. ఆవిడకీ ఓ చెంచా పెట్టాను, కారమని నీళ్లు తాగి మళ్లీ చెయ్యి చాపింది. అవతలి ఒడ్డున అందరూ దిగి తీరాలి, దిగి మళ్లీ ఎక్కాలి. మేం దిగి, ఓ బల్ల మీద కూర్చుని, రెండు పడవలు వదిలేసి మూడోది ఎక్కాం. తొందరేముంది?

ఆ తర్వాత ప్రతి బుధవారం మాదే. ఎప్పుడూ కొత్తచోటికే వెళ్లలేదు. నాలుగు బుధవారాలు ఆ పడవే ఎక్కాం. మీరు కూడా వారంలో ఒక రోజు అలా పెట్టుకోండి. ఆ రోజు వంట చేయనని ముందే అబ్బాయితో, కోడలితో చెప్పేయండి. వాళ్లకీ ఆ రోజు ఇల్లు ఇల్లులా ఉంటుంది. మందులు ఆ మూడు నెలలకో ఆరు నెలలకో సరిపడా డాక్టరు చీటీతో పట్టుకెళ్లండి, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. మిగతావి మీ అబ్బాయికి తెలుసు.

మావారికి ఖర్చుల పుస్తకం రాసే అలవాటు ఇంకా పోలేదు. మొదటి బుధవారం పేజీ నాకు చూపించారు. రైలు టికెట్లు ఇంత, సబ్‌వే ఇంత, కాఫీ రెండు ఇంత. కాఫీ ధర పక్కన ఆశ్చర్యార్థకం. దాని కింద, 'పంటు, ఇద్దరికి, రానుపోను: 0' అని రాసి రెండు గీతలు గీశారు.

అవతలి గట్టు పేరు మాత్రం ఆ రోజు ఆయన ఎవరినీ అడగలేదు.